అప్‌డేట్: మాటలు రాని మా బుడ్డోడు, నాలుగు నెలల తర్వాత

రెండున్నరేళ్లొచ్చినా మావాడు "అమ్మ", "తాత" తప్ప ఏమీ అనడం లేదు, తిరుపతిలో స్పీచ్ థెరపీ ఎక్కడ అని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ దండాలు.

ముందు చెవులు చూపించమని ఒకక్క చెప్పింది చూడండి, అదే మంచి మాట. నిద్రపుచ్చి బెరా పరీక్ష (శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతోందా అని చూసేది) తీశారు, వినికిడి బాగుంది. లోపముంటే, వినికిడి లోపమున్న పిల్లల కోసం టీటీడీ వాళ్లు నడిపే శ్రవణం వైపు వెళ్లేవాళ్లం.

మొదట చేర్చిన ప్రైవేటు సెంటర్‌లో అరగంట తలుపేసుకుని ఏం చేసేవాళ్లో తెలీదు, నన్ను లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. నెల తిరక్కుండానే మానేశాం. తర్వాత అంగన్‌వాడీ టీచరు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్లకు చూపించి, ఎదుగుదలలో వెనకబడిన పిల్లల్ని చూసే ప్రభుత్వ సత్వర చికిత్స కేంద్రానికి పంపించింది. పైసా ఖర్చు లేదు. కాకపోతే క్యూ ఉంటుంది, పొద్దున్నే పోవాలి.

అక్కడ స్పీచ్ థెరపీ మేడమ్ నాకే నేర్పించారు. "చెప్పు, చెప్పు" అని వెంటపడొద్దన్నారు. ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని "ఇంకా?" అని ఆగి, మనసులో పది లెక్కపెట్టాలి. ఈ ఆగడం ఎంత కష్టమో! వాడు చేయి చూపించేలోపే పెట్టేయడం నాకు అలవాటు. ఫోన్ కూడా తీసేశాం, మొదటి వారం ఇల్లు పీకి పందిరేశాడు.

మా ఇంట్లో అరవం, తెలుగు రెండూ నడుస్తాయి. దానివల్లే ఆలస్యమని మా అవ్వ వాదన. రెండు భాషలు కారణం కాదు, రెండూ మాట్లాడండి అన్నారు మేడమ్.

ఇప్పుడు ముప్పై మాటల దాకా వచ్చాయి. నిన్న మిద్దె మీద నుంచి తిరుమల వైపు చూపించి "కొందా!" అన్నాడు.