హోమ్ నుంచి బయటకెళ్లిన పిల్లలకు మా ట్రైనింగ్ పనికొచ్చిందో లేదో ఎలా తేల్చాలి?

బెజవాడ_వర్కర్:
విజయవాడలో ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. పిల్లల హోముల్లో పెరిగి 18 నిండాక బయటకు రావాల్సిన వాళ్లకు ఆరు వారాల ట్రైనింగ్ ఇస్తాం. బ్యాంకు ఖాతా, ఇంటర్వ్యూ, వంట, అద్దె గది వెతుక్కోవడం, ఇలాంటివన్నీ. నాలుగేళ్లలో 38 మంది పూర్తి చేశారు. ఇప్పుడు డబ్బులిచ్చే దాత మీ వల్ల ఏం మారిందో చూపించండి, లేకపోతే వచ్చే ఏడాది కష్టం అంటున్నారు. మా దగ్గరున్నదల్లా ట్రైనింగ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పెట్టిన 20 మార్కుల పరీక్ష. చివర్లో అందరికీ మార్కులు పెరిగాయి, ఎందుకు పెరగవు, చెప్పిందే అడిగాం. ఆ గ్రాఫ్ వేసి పంపేయమని డైరెక్టర్ గారు అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. చెక్కు నింపడం వచ్చినంత మాత్రాన అకౌంట్లో డబ్బున్నట్టు కాదు కదా. ఫోన్లు చేస్తే 23 మంది ఎత్తారు, దాదాపు అందరూ ఏదో పని చేసుకుంటున్నామన్నారు. మిగతా 15 మంది నంబర్లు పనిచేయట్లేదు. దీన్ని ఎలా రాయాలి?

నాష్‌విల్_తమ్ముడు:
ఆ గ్రాఫ్ మాత్రం పంపకండి. నేను అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో డేటా పని చేస్తాను, ఫోస్టర్ కేర్ (ప్రభుత్వ సంరక్షణలో పిల్లల్ని పెంచడం, ఇక్కడ కేర్ అంటారు) నా రంగం కాదు గానీ ఇక్కడ ఈ విషయం మీద జరిగిన పని కొంత చదివాను. లాస్ ఏంజెలెస్‌లో దాదాపు మీలాంటి క్లాసులే ఐదు వారాలు పెట్టేవాళ్లు, కేర్‌లో ఉన్న 17 ఏళ్ల పిల్లలకు. లాటరీ తీసినట్టు కొందరిని పంపారు, కొందరిని పంపలేదు, రెండేళ్ల తర్వాత రెండు గుంపుల్నీ పోల్చారు. 2008లో రిపోర్టు వచ్చింది. చదువులో, ఉద్యోగంలో, ఇంటి విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పోల్చడానికి రెండో గుంపు లేకపోయుంటే వాళ్లు కూడా గ్రాఫ్ వేసుకుని చప్పట్లు కొట్టించుకునేవాళ్లే.

అదే వరుసలో మాసచుసెట్స్‌లో ఇంకో ప్రోగ్రాం చూశారు. అక్కడ క్లాసు రూం లేదు, ప్రతి ఒక్కరికీ తనకంటూ ఒక వర్కర్ ఉంటారు. కాలేజీలో చేరినవాళ్లు పెరిగారు. కానీ వాళ్లే 18 దాటాక కూడా కేర్‌లో ఎక్కువగా ఉండిపోయారు, కాబట్టి ఆ ఫలితం వర్కర్ వల్ల వచ్చిందా, నెత్తిన కప్పు ఉండడం వల్ల వచ్చిందా అన్నది విడదీయడం కష్టం. మా టెనెసీలో 1,300 మందికి పైగా యువతతో ఇలాగే లాటరీ పద్ధతిలో చేసిన ఇంకో ప్రోగ్రాం ఫలితాలు 2015లో వచ్చాయి. వర్కర్ వారానికోసారి వెళ్లి కలుస్తారు, తొమ్మిది నెలల పాటు. సంపాదన, ఉండడానికి చోటు కొంచెం మెరుగయ్యాయి. చదువు మాత్రం కదల్లేదు.

సగటు_జీవి:
38 మందితో లాటరీ ఏం వేస్తారండీ, పదో పన్నెండో అటూ ఇటూ అయితే లెక్కే తలకిందులవుతుంది. పైగా అమ్మానాన్న లేని పిల్లాడి దగ్గరకెళ్లి నువ్వు కంట్రోల్ గ్రూప్, నీకు సాయం లేదు అని చెప్పే నోరు ఎవరికుంది?

నాష్‌విల్_తమ్ముడు:
సీట్లు 20 ఉండి పిల్లలు 40 మంది ఉంటే ఎలాగూ సగం మందికి దొరకదు, అప్పుడు సిఫారసు కంటే చీటీ తీయడమే న్యాయం. కానీ సంఖ్య విషయంలో మీరు అన్నది కరెక్టే, వీళ్లకు అది కుదరదు. ట్రైనింగ్ మొదలవకముందు అదే హోముల నుంచి బయటకొచ్చిన బ్యాచ్‌ని వెతికి, ఒకే వయసులో పోల్చుకోవచ్చు. ఇక్కడ ప్రభుత్వం 17, 19, 21 ఏళ్లకు సర్వే చేస్తుంది, అలా 19కి ఒకసారి, 21కి ఒకసారి అడగండి. ఇది గట్టి రుజువు కాదు, అలా అని రిపోర్టులో రాసేయండి.

పాత_హోమ్_పిల్లాడు:
నేను అలాంటి హోమ్ నుంచే బయటకొచ్చాను, 2014లో. ఒక రేకు పెట్టె, ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్లు, ఆధార్‌లో అడ్రసేమో ఆ హోమ్‌దే. గది కోసం వెళ్తే ఓనరు మొదట అడిగింది జీతం కాదు, మీ నాన్నగారు ఏం చేస్తారు అని. మూడు ఇళ్లు అలాగే పోయాయి, నాలుగో చోట మా మేస్త్రీని బాబాయి అని చెప్పి చేరాను. ఇప్పుడైతే హోమ్ వదిలాక 21 దాకా ఆఫ్టర్‌కేర్ అనే సాయం ఉందంటున్నారు, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయలు అంటున్నారు. మీ 38 మందిలో అది ఎంతమంది చేతికి అందిందో ముందు అది లెక్కపెట్టండి, ట్రైనింగ్ సంగతి తర్వాత.

అక్కా, ఇంకో మాట. మీరే ఫోన్ చేసి పని ఉందా నాన్నా అని అడిగితే ఉందనే చెప్తాం. మీరు బాధపడతారని. వేరే ఎవరితోనైనా అడిగించండి, అడిగేది కూడా మార్చండి. పోయిన సంక్రాంతికి ఎక్కడున్నావు, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేశావు, ఆరు నెలల్లో ఎన్ని గదులు మారావు. నాకు మొదటి సంక్రాంతికి మెస్ మూసేశారు, మూడు రోజులు బస్టాండులో ఇడ్లీ తిన్నాను, ఆ రోజుల్లో ఎవరైనా అడిగుంటే ఉద్యోగం చేస్తున్నానని గర్వంగా చెప్పేవాణ్ని, అది అబద్ధమూ కాదు.

ఫోన్ కలవని ఆ 15 మంది రీచార్జ్ లేక సిమ్ పోగొట్టుకున్న వాళ్లు అయ్యుంటారు. నేను రెండేళ్లలో నాలుగు నంబర్లు మార్చాను. వాళ్లు కావాలంటే బ్యాచ్ వాళ్లని అడగండి, మాకు వాట్సాప్ గ్రూపులు ఉంటాయి, వాటిల్లో మీరు ఉండరు.

సగటు_జీవి:
సంక్రాంతి ప్రశ్న అదిరింది.

బెజవాడ_వర్కర్:
అందరికీ థాంక్స్. పాత హోమ్ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చేశాను, పాత బ్యాచ్ అమ్మాయి ఒకామె వాళ్ల గ్రూపులో అడిగింది. రెండు రోజుల్లో 15 మందిలో ఆరుగురు దొరికారు. 4,000 అందుకున్నవాళ్లు ఆ ఆరుగురిలో ఒక్కరే, మిగతావాళ్లకు అలాంటిది ఉందనే తెలియదు, మా ఆరు వారాల క్లాసుల్లో మేమూ చెప్పలేదు. ఇంకొకతను తెనాలిలో టైర్ల షాపులో ఉన్నాడు. ట్రైనింగ్ ఎలా ఉపయోగపడింది అంటే నవ్వాడట, రెండో వారమే పనికి వెళ్లిపోయాను, సర్టిఫికెట్ మాత్రం ఇంటికి పంపారు అన్నాడు. మా రిజిస్టర్‌లో అతనికి ఆరు వారాలూ హాజరు పడి ఉంది. చివరి పరీక్షలో 17 మార్కులు కూడా ఉన్నాయి. సోమవారం డైరెక్టర్ గారితో కూర్చోవాలి.