కార్బన్ ఇంటెన్సిటీ తగ్గితే మొత్తం ఉద్గారాలు తగ్గినట్టేనా?

షెల్ అనే చమురు, గ్యాస్ కంపెనీ వాతావరణ లక్ష్యాల గురించి వారం రోజులుగా చదువుతున్నాను. ఒక్కచోట బుర్ర పనిచేయడం లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త విడమరిచి చెప్పగలరా?

2016తో పోలిస్తే 2030 నాటికి నికర కార్బన్ ఇంటెన్సిటీని 20 శాతం తగ్గిస్తామని మొదట అన్నారు. 2024 మార్చిలో దాన్ని 15 నుంచి 20 శాతం అని సడలించారు. 2035కి పెట్టుకున్న 45 శాతం లక్ష్యాన్నైతే ఏకంగా తీసేశారు. 2050కల్లా నెట్ జీరో, అంటే నికర ఉద్గారాలు సున్నా చేయాలన్న లక్ష్యం మాత్రం అలాగే ఉంది.

ఇంటెన్సిటీ అంటే అమ్మిన ఒక్కో యూనిట్ ఎనర్జీకి ఎంత కార్బన్ అని నాకు అర్థమైంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. యూనిట్‌కు 10 కిలోల చొప్పున 100 యూనిట్లు అమ్మితే 1000 కిలోలు. అది 8కి తగ్గి, అమ్మకం 150 యూనిట్లకు పెరిగితే 1200 కిలోలు! లక్ష్యం నెరవేరినట్టే, కానీ గాల్లోకి వెళ్లింది ఎక్కువే. నా లెక్కలో ఎక్కడైనా పొరపాటు ఉందా?

ఇంకోటి. ఇలాంటి కంపెనీల ఉద్గారాల్లో సింహభాగం స్కోప్ 3, అంటే ముఖ్యంగా కొన్నవాళ్లు ఇంధనం మండించినప్పుడు వచ్చేది. దానికి 2024లో విడిగా ఒక లక్ష్యం పెట్టారు గానీ, అది ఆయిల్ ఉత్పత్తులకే, గ్యాస్‌కు కాదు. అలా ఎందుకు విడదీశారు?

పైగా ఒక చమురు క్షేత్రాన్ని వేరేవాళ్లకు అమ్మేస్తే ఈ కంపెనీ లెక్క తగ్గుతుంది, క్షేత్రం మాత్రం నడుస్తూనే ఉంటుంది. నిజమైన తగ్గుదలను దీన్నుంచి వేరుచేసి చూడాలంటే వార్షిక నివేదికలో ఏ పట్టిక చూడాలి? ఇలాంటి నివేదికలు చదివే అలవాటున్నవాళ్లు చెబితే చాలా మేలు చేసినవాళ్లవుతారు.