పీఎఫ్ చందాను 1,800కి తగ్గించుకుంటే ఆదాయపు పన్ను పెరుగుతుందా?

కొత్తకొలువు:
నేను ఇటీవల ఒక ప్రైవేటు సంస్థలో చేరాను. మూలవేతనం నెలకు 60,000 రూపాయలు. చేరేటప్పుడు ఇచ్చిన పత్రంలో పీఎఫ్ (భవిష్య నిధి) చందాకు రెండు మార్గాలు చూపించారు. ఒకటి, పూర్తి మూలవేతనం మీద 12 శాతం, అంటే నెలకు 7,200. రెండోది, చట్టం పెట్టిన 15,000 రూపాయల వేతన పరిమితి మీద 12 శాతం, అంటే 1,800. నేను ఎంత కడితే యాజమాన్యమూ అంతే కడుతుందని, తగ్గించుకుంటే యాజమాన్యం వాటాలో మిగిలిన సొమ్ము స్పెషల్ అలవెన్సుగా జీతంలో కలుస్తుందని చెప్పారు. యాజమాన్యం పీఎఫ్ వాటా కాకుండా నా వార్షిక జీతం 12.50 లక్షలు. నేను కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, చాలా మినహాయింపులు ఉండవు) ఉన్నాను, 2025-26కు నాకు పన్ను పడదని లెక్క తేలింది. చందా తగ్గించుకుంటే ఆ లెక్క మారుతుందా? పెద్దలు చెప్పగలరు.

చేతిరొక్కం:
నిస్సంకోచంగా తగ్గించుకోండి. పీఎఫ్‌లో ఎక్కువ కట్టడానికి ఒకప్పుడున్న బలమైన కారణం 80సీ మినహాయింపు. ఏడాదికి లక్షన్నర వరకు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు కాబట్టి జనం కట్టేవారు. కొత్త విధానంలో 80సీ లేదు. మీరు నెలకు 7,200 కట్టినా, 1,800 కట్టినా పన్ను లెక్కలో మీ చందాకు విలువ సున్నా. పన్ను ప్రయోజనం లేనప్పుడు సొమ్మును ఏళ్ల తరబడి కదలకుండా పెట్టుకోవడం ఎందుకు? 2020లో కరోనా సమయంలో మే, జూన్, జూలై నెలలకు ప్రభుత్వమే చందాను 12 నుంచి 10 శాతానికి తగ్గించింది. ఉద్యోగి చేతిలో డబ్బు ఆడడం అవసరమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా.

జీతాలబల్ల:
పై సమాధానంలో సగం నిజం ఉంది, కానీ మిగిలిన సగం ప్రస్తావనకే రాలేదు. పీఎఫ్ చందా అనగానే మనందరికీ పేస్లిప్‌లో మన జీతంలోంచి కోత పడే గడి ఒక్కటే కనిపిస్తుంది. పన్ను విషయంలో అసలు కథ అంతా పేస్లిప్‌లో చాలాసార్లు కనిపించని యాజమాన్యం వాటాలో ఉంటుంది. నేను జీతాల లెక్కలు చూసే పనిలో ఉన్నాను కనుక ఈ పొరపాటు తరచూ ఎదురవుతుంది.

యాజమాన్యం కట్టే వాటా జీతంలో 12 శాతం వరకు ఉద్యోగి ఆదాయంగా లెక్కకు రాదు. ఇది పాత విధానంలోనూ ఉంది, కొత్త విధానంలోనూ ఉంది. అదే సొమ్ము అలవెన్సుగా మారిన క్షణం నుంచి ప్రతి రూపాయీ పన్ను వేయదగిన జీతమే. 2020లో జరిగినదీ ఇదే. సీటీసీ పద్ధతి (యాజమాన్యం వాటాతో సహా ఉద్యోగి మీద పెట్టే మొత్తం ఖర్చునే జీతంగా చెప్పే పద్ధతి) ఉన్నచోట యాజమాన్యం తగ్గించిన 2 శాతాన్ని ఉద్యోగికే ఇవ్వాలని భవిష్య నిధి సంస్థ అప్పట్లో వివరణ ఇచ్చింది. దాంతో చేతికొచ్చే జీతం పెరిగింది, దానితోపాటు పన్ను వేయదగిన ఆదాయమూ పెరిగింది.

ఇప్పుడు ప్రశ్న అడిగిన వారి లెక్కకు వద్దాం. 7,200 నుంచి 1,800కి దిగితే నెలకు 5,400, ఏడాదికి 64,800 తేడా. ఉద్యోగి వాటాలో ఒక 64,800, యాజమాన్యం వాటాలో ఇంకొక 64,800. మొదటిది ఇప్పటికే పన్ను వేయదగిన ఆదాయంలో ఉన్నదే, కాబట్టి కొత్త విధానంలో దానివల్ల మార్పు లేదు. రెండోది కొత్తగా జీతంలో కలుస్తుంది.

ప్రస్తుతం 12.50 లక్షల్లోంచి స్టాండర్డ్ డిడక్షన్ (జీతం తీసుకునే వారందరికీ ఇచ్చే తగ్గింపు) 75,000 తీసేస్తే 11.75 లక్షలు. 2025-26 నుంచి 12 లక్షల వరకు రిబేటు (పన్ను మాఫీ) వల్ల పన్ను సున్నా, కనుక వారు కట్టేదేమీ లేదు. 64,800 కలిస్తే ఆదాయం 12,39,800 అవుతుంది. రిబేటు పోతుంది. శ్లాబుల (ఆదాయ అంచెలవారీ రేట్ల) ప్రకారం పన్ను 65,970 రావాలి గానీ, 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ ఉండకూడదన్న మార్జినల్ రిలీఫ్ వల్ల అది 39,800 దగ్గర ఆగుతుంది. 4 శాతం సెస్సు కలిపి 41,392. యాజమాన్యం వాటా నుంచి వచ్చిన 64,800లో చేతిలో నిలిచేది 23,408 మాత్రమే. పీఎఫ్‌లో ఉండి ఉంటే మొత్తం 64,800 ఖాతాలో జమ అయి, దాని మీద వడ్డీ కూడా వచ్చేది. 2024-25కు ఆ వడ్డీ రేటు 8.25 శాతం.

పింఛను గురించి ఒక మాట. ఉద్యోగి పింఛను పథకంలో సభ్యుడైతే యాజమాన్యం వాటాలోంచి నెలకు 1,250 దానికి వెళ్తుంది, ఎందుకంటే ఆ లెక్క 15,000 మీదే జరుగుతుంది. చందా తగ్గించినా ఆ 1,250 తగ్గదు. తగ్గేదల్లా పీఎఫ్ ఖాతాకు చేరే మిగతా భాగమే. 7,200 కట్టినప్పుడు 5,950 చేరేది, 1,800 కట్టినప్పుడు 550 చేరుతుంది.

పాతవిధానం:
జీతాలబల్ల గారి వివరణకు పాత విధానంలో ఉన్నవారి సంగతి జోడిస్తున్నాను. ఇంటి రుణం మీద వడ్డీ, ఇంటి అద్దె అలవెన్సు వంటి కారణాలతో ఇంకా పాత విధానంలోనే ఉన్నవాళ్లు మనలో తక్కువేమీ లేరు. వారికి రెండు వాటాల వల్లా పన్ను పెరగవచ్చు. ఇదే 60,000 మూలవేతనంతో 30 శాతం శ్లాబులో ఉన్నవారిని తీసుకోండి. 80సీ కింద పీఎఫ్ తప్ప వేరే ఏదీ లేకపోతే, రెండు వాటాలూ కలిపి 1,29,600 మీద సెస్సుతో 31.2 శాతం, అంటే 40,435 పన్ను అదనం. జీవిత బీమా, పిల్లల ట్యూషన్ ఫీజు, ఇంటి రుణంలో అసలు వాయిదాలతోనే లక్షన్నర నిండిపోయినవారికి ఉద్యోగి వాటా తగ్గినా నష్టం లేదు. వారికి యాజమాన్యం వాటా మీద 20,218 మాత్రమే పెరుగుతుంది.

జీతం బాగా పెద్దదైన వారి లెక్క వేరు. 2021 ఏప్రిల్ నుంచి ఉద్యోగి వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటితే, దాటిన భాగం మీద వచ్చే వడ్డీకి పన్ను ఉంది. యాజమాన్యం వైపు పీఎఫ్, ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం), సూపర్‌యాన్యుయేషన్ (సంస్థ పెట్టే పదవీ విరమణ నిధి) కలిపి ఏడాదికి 7.5 లక్షలు దాటితే దాటిన భాగానికీ పన్ను పడుతుంది. ఆ పరిమితుల పైన ఉన్న సొమ్మును తగ్గించుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. మూలవేతనం 60,000 ఉన్నవారికి ఈ చింత లేదు.

చేతిరొక్కం:
లెక్క సరిగానే ఉంది. కానీ అది 12 లక్షల గడప దగ్గర నిలబడి ఉన్నవారి లెక్క. వచ్చే ఏడాది జీతం పెరిగి 13.46 లక్షలు దాటితే మార్జినల్ రిలీఫ్ పరిధి ముగుస్తుంది. అప్పటి నుంచి ఈ 64,800 మీద పడేది 15 శాతం పన్ను, సెస్సుతో 15.6 శాతం, అంటే 10,109 మాత్రమే. 1,29,600 చేతికొచ్చి 10,109 పోతే అది పెద్ద నష్టం కాదు. ముఖ్యంగా క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ కడుతున్న మనిషిని, 8.25 శాతం వడ్డీ కోసం పీఎఫ్‌లో దాచుకొమ్మని చెప్పడం న్యాయం కాదు. ఇలా అప్పుల్లో ఉన్నవాళ్లు నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

జీతాలబల్ల:
అప్పు విషయంలో మీతో నాకు విభేదం లేదు. అంత వడ్డీ కడుతున్నవారు పన్ను పోయినా చందా తగ్గించుకుని ముందు బాకీ తీర్చడమే మేలు. అయితే చేతికొచ్చిన సొమ్మును బ్యాంకు డిపాజిట్‌లో వేద్దామనుకునేవారు ఇంకొక లెక్క చూడాలి. 7 శాతం వడ్డీ వచ్చిందనుకున్నా 15.6 శాతం పన్ను పోగా మిగిలేది 5.9 శాతం. పీఎఫ్ వడ్డీకి ఆ కోత లేదు. అయిదేళ్ల నిరంతర సర్వీసు నిండకుండా తీసుకుంటే మాత్రం పన్ను పడుతుంది.

ప్రశ్న అడిగిన వారికి మూడో దారి కూడా ఉండవచ్చు. కొత్త విధానంలో యాజమాన్యం ద్వారా ఎన్‌పీఎస్‌కు కట్టే సొమ్ము మూలవేతనంలో 14 శాతం వరకు ఉద్యోగి ఆదాయంలోంచి తగ్గుతుంది. 60,000 మీద అది 8,400. పీఎఫ్‌ను 1,800కి దించి, యాజమాన్యం వాటాలో మిగిలిన 5,400ను అలవెన్సుగా కాకుండా ఎన్‌పీఎస్‌కు మళ్లించగలిగితే, ఆదాయం 11.75 లక్షల దగ్గరే ఉంటుంది, పన్ను సున్నాగానే ఉంటుంది, తన వాటాలోని 64,800 పన్ను లేకుండా చేతికొస్తుంది. ఎన్‌పీఎస్‌లో రాబడి మార్కెట్‌ను బట్టి ఉంటుందని, చివర్లో కొంత భాగంతో యాన్యుటీ (క్రమంగా పింఛను ఇచ్చే పథకం) కొనాల్సి ఉంటుందని మాత్రం మరవకూడదు. ఈ సౌకర్యం అన్ని సంస్థల్లోనూ లేదు.

కొత్తకొలువు:
అందరికీ ధన్యవాదాలు. నాకు బాకీలేమీ లేవు, కాబట్టి 41,392 పన్ను కట్టి చందా తగ్గించుకోవడంలో అర్థం లేదు. సోమవారం హెచ్‌ఆర్ వారిని ఎన్‌పీఎస్ సంగతి అడుగుతాను. వీలు లేదంటే 7,200 మీదే సంతకం చేస్తాను.

పాతవిధానం:
అడిగేటప్పుడు ఇంకొకటి కూడా రాతపూర్వకంగా తీసుకోండి: ఈ ఏడాది ఎంచుకున్న చందాను తర్వాత పెంచడానికి, తగ్గించడానికి అనుమతి ఉందో లేదో. తగ్గించుకున్నప్పుడు యాజమాన్యం వాటాలోని తేడా నిజంగా జీతంలో కలుస్తుందని నియామక పత్రంలో ఉందో లేదో కూడా చూడండి. ఆ వాక్యం లేనిచోట నెలకు 5,400 యాజమాన్యానికే మిగులుతుంది, ఉద్యోగి పన్ను లెక్క దాకా రావలసిన అవసరమే ఉండదు.