ఆంగ్‌కోర్: మూడు రోజుల్లో ఏది ఎప్పుడు చూడాలి?

నడకదారి:
డిసెంబరులో ఇద్దరం ఆంగ్‌కోర్ గుళ్లు చూడ్డానికి కంబోడియాలోని సియెం రీప్ వెళ్తున్నాం. గైడు లేడు, వీపు మీద బ్యాగులే. ఉన్నది మూడు పగళ్లు. ఏ పాసు కొనాలి? ఆంగ్‌కోర్ వాట్‌లో మహాభారత, రామాయణ శిల్పాలు తీరిగ్గా చూడాలని ఉంది. సైకిల్ మీద తిరగొచ్చా? ఒకరం శాకాహారి.

శిల్పప్రియ:
మూడు రోజుల పాసే మేలు. 62 డాలర్లు, ఒక రోజుది 37. వరసగా వాడక్కర్లేదు, 10 రోజుల్లో ఏ మూడు రోజులైనా సరే. గుడి ద్వారం దగ్గర అమ్మరు. టికెట్ ఆఫీసులోనో, ఆంగ్‌కోర్ ఎంటర్‌ప్రైజ్ వెబ్‌సైట్‌లోనో ముందే కొనాలి. డాలరు నోటుకి చిన్న చిరుగున్నా ఆ ఊళ్లో తీసుకోరు.

ఇక శిల్పాలు. ఆంగ్‌కోర్ వాట్ పడమటి ముఖం గుడి. పొద్దున సూర్యుడు గోపురాల వెనక నుంచి వస్తాడు కాబట్టి ముందు వైపంతా నీడలో ఉంటుంది. సూర్యోదయం చూడాలంటే 5 గంటలకే వెళ్లండి, కానీ పడమటి గోడల కోసం మధ్యాహ్నం మూడు దాటాక మళ్లీ రండి. రెండుసార్లు వెళ్లాల్సిన గుడి అది.

లోపలికి వెళ్లగానే కుడికి తిరగండి. మొదటిది కురుక్షేత్రం: ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు. అంపశయ్య మీద భీష్ముణ్ని తప్పక వెతకండి. గోడ మీ ఎడమ చేతి వైపే ఉండేలా నడిస్తే దక్షిణాన రాజు రెండో సూర్యవర్మ ఊరేగింపు, తర్వాత స్వర్గనరకాలు, తూర్పున 49 మీటర్ల క్షీరసాగర మథనం. ఉత్తరం చుట్టి మళ్లీ పడమటికి వస్తే లంకా యుద్ధం. ఈ వరస అప్రదక్షిణం. మన గుళ్ల అలవాటుకొద్దీ ఎడమకు మళ్లితే అన్నీ వెనక నుంచి ముందుకు చూసినట్టవుతుంది.

రెండుచక్రాలు:
గుళ్లు చుట్టి వచ్చే దారులు రెండు: చిన్న చుట్టు 17 కిలోమీటర్లు, పెద్ద చుట్టు 26. నేల చదును, సైకిల్‌కి ఇబ్బంది లేదు. పదకొండు నుంచి రెండు వరకు మాత్రం ఎండలో తొక్కకండి. ఆ వేళ చెట్ల నీడ ఉండే తా ప్రోమ్ గుడిలో గడపండి.

బంతెయ్ స్రెయ్ దూరం, దానికి టుక్‌టుక్ మాట్లాడుకోండి. బేరమాడేటప్పుడే గుళ్ల పేర్లన్నీ చెప్పండి; "రోజంతా" అని ఒప్పుకుంటే చిన్న చుట్టే అనుకుంటారు, తర్వాత అదనం అడుగుతారు. క్రీ.శ. 967 నాటి ఆ ఎర్రరాతి గుడి చిన్నదే, చెక్కడం మాత్రం చూసి తీరాలి. అదే దారిలో క్బాల్ స్పియెన్: కిలోమీటరున్నర ఎక్కితే ఏటి అడుగు రాతిలో చెక్కిన శివలింగాలు. డిసెంబరులో నీళ్లుంటాయి, ఎండాకాలానికి తగ్గిపోతాయి. రెండూ మీ పాసులోనే. కులెన్ కొండకి మాత్రం వేరే టికెట్.

పచ్చడిమెతుకు:
కూరగాయల వంటకంలోనూ తుక్ త్రెయ్ అనే చేపల సాస్, ప్రహొక్ అనే ఊరబెట్టిన చేప ముద్ద పడతాయి. "మాంసం వద్దు" అంటే చాలదు, ఈ రెండు పేర్లూ చెప్పి వద్దనండి.

ఇంకొకటి: ఆంగ్‌కోర్ వాట్ పై అంతస్తు బౌద్ధ పర్వదినాల్లో మూసేస్తారు. అవి పౌర్ణమి, అమావాస్య, అష్టముల చుట్టూ వస్తాయి, బయల్దేరేముందే క్యాలెండరు చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. స్లీవ్‌లెస్ మీద చున్నీ కప్పుకుంటే ఒప్పుకోరు, చేతులున్న చొక్కానే వేసుకోండి.