కొమ్మలు దించడానికి కప్పీ మంచిదా, ఫ్రిక్షన్ బ్లాకు మంచిదా?

ప్రశ్న: పర్లాకిమిడి పెంకుటిల్లు

మహేంద్రతనయ ఒడ్డున మా పెద్దల నాటి పెంకుటిల్లు ఉన్నది. దాని పక్కనున్న నిద్రగన్నేరు కొమ్మలు రెండు ఇంటి కప్పు మీదికి వాలి ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఆ చెట్టు పైభాగం విరిగింది. విరిగిన చోట క్రమంగా పుచ్చు పట్టినందువల్ల, ఈ వానలకు ముందే ఆ రెండు కొమ్మలను ముక్కలుగా కోయించి, పెంకులకు దెబ్బ తగలకుండా దించాలనుకుంటున్నాము. చెట్టెక్కే పనివారు గుణుపురం నుంచి వస్తున్నారు. ఆయన ఇంతకాలం పై పంగలో తాడు వేసి దించుతూ వచ్చారు, ఇప్పుడు కప్పీ కొన్నారు. అయితే కప్పీకి బదులు తాడు ఒరుసుకుంటూ పోయే ఫ్రిక్షన్ బ్లాకు వాడితే కింద ఒక్క మనిషే సరిపోతాడని, పై కొమ్మ మీద భారం కూడా తగ్గుతుందని ఎక్కడో విన్నాను. ఇందులో నిజమెంత? అలాంటి దానిని ఇక్కడి వెల్డింగ్ దుకాణంలో చేయించుకోవచ్చునా?

జవాబు: రాయగడ చెట్టుపని

నమస్కారమండి. మీరు విన్నది చాలా వరకు నిజమే, కాని ఎందుకు నిజమో తెలిస్తేనే ఎక్కడ నిజం కాదో తెలుస్తుంది.

నూరు కిలోల కొమ్మ తాడు కొసన వేలాడుతున్నదనుకోండి. కప్పీలోని గిలక రాపిడి లేకుండా తిరుగుతున్నట్లయితే, కొమ్మ నిలవడానికి కింది మనిషి వైపు తాడులో కూడా దాదాపు నూరు కిలోల లాగుడు ఉండి తీరాలి. ఈ రెండూ కలిసి కప్పీ కట్టిన చోట రెండు వందల కిలోలుగా పడతాయి. బావి గిలక మీద చేద తోడేటప్పుడూ జరిగేది ఇదే, కాకపోతే అక్కడ దూలం బలంగా ఉంటుంది కనుక ఎవరూ పట్టించుకోరు. పుచ్చు పట్టిన చెట్టు మీద మాత్రం పట్టించుకోవాలి.

ఫ్రిక్షన్ బ్లాకులో తిరిగే భాగం ఉండదు. నునుపైన గుండ్రటి అంచులున్న లోహపు దిమ్మలోని రంధ్రాల గుండా తాడు వంగుతూ, ఒరుసుకుంటూ జారుతుంది. తాడు చుట్టుకునే కోణం పెరిగిన కొద్దీ పట్టు కూడికగా కాక హెచ్చవేతగా పెరుగుతుంది. రాపిడి గుణకం (తాడుకూ లోహానికీ మధ్య ఒరిపిడి ఎంతో చెప్పే అంకె) 0.2 అనుకుంటే, 180 డిగ్రీల చుట్టుకు రెండు వైపుల లాగుడుల నిష్పత్తి సుమారు 1.9 అవుతుంది, అంటే కింది మనిషి ఆపవలసినది సుమారు 53 కిలోలు, పైన పడేది 153 కిలోలు. మరో రంధ్రం గుండా తిప్పి ఆ కోణాన్ని రెట్టింపు చేస్తే నిష్పత్తి 3.5కు చేరుతుంది, అప్పుడు కింద 28, పైన 128 కిలోలు మాత్రమే. తాడు తడిసినా, పాతబడినా గుణకం మారుతుంది కనుక ఈ అంకెలను పట్టుకొని పని చేయరాదు. మొదట చిన్న కొమ్మను దించి పట్టు ఎంత ఉన్నదో చేతితో చూసుకోవాలి.

ఒరుసుకోవడం అంటే వేడి. అంగళ్లలో నైలాన్ పేరుతో అమ్మే నిగనిగలాడే రంగు తాళ్లలో చాలా వరకు పాలీప్రొపిలీనువి. ఆ పదార్థం 165 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. పాలిస్టరు దాదాపు 250 డిగ్రీల దాకా కరగదు. అందువల్ల బ్లాకు వాడదలచినవారు ముందుగా మంచి పాలిస్టర్ అల్లిక తాడు కొనాలి, ఆ తరువాతే బ్లాకు. కొబ్బరి మోకును దాని గుండా పంపించే ఆలోచన అసలే వద్దు.

జవాబు: బరంపురం ఇంజనీరు

రాయగడ వారి లెక్క సరైనదే. అయితే అది కొమ్మ నిదానంగా దిగుతున్నప్పటి లెక్క. ముక్క ఊడిపడి తాడు ఒక్కసారిగా బిగిసినప్పుడు సంగతి వేరు.

కొమ్మ కంటే ఎత్తున మరో గట్టి కొమ్మ ఉండి, దానికి బ్లాకు కట్టగలిగితే ముక్క పెద్దగా పడదు, అటు ఊగి వేలాడుతుంది. అలా పై ఆధారం లేక, కోసే మానుకే కోత కింద బ్లాకు కట్టినప్పుడు, ముక్క బ్లాకును దాటి కిందికి పడి ఆగుతుంది. ఆ పాటు శక్తిని మింగేది తాడు సాగుడే. కప్పీ ఉంటే నేల దాకా ఉన్న తాడంతా సాగడానికి పాలుపంచుకుంటుంది. ఫ్రిక్షన్ బ్లాకు పైననే పట్టేస్తుంది కాబట్టి, బ్లాకుకూ ముక్కకూ మధ్యనున్న కాస్త తాడే కుదుపునంతా భరించవలసి వస్తుంది. పట్టు ఎక్కువయ్యే కొద్దీ ఆ కుదుపు పెరుగుతుందే గాని తగ్గదు. అటువంటి చోట పైన కప్పీ పెట్టి, రాపిడిని మొదలు దగ్గర మానుకు చుట్లు వేసి తెచ్చుకోవడమే నా దృష్టిలో మేలు. ఏది వాడినా, ముక్క పడగానే కింది మనిషి తాడును బిగించి పట్టక కొంత జారనిచ్చి ఆపాలి.

బరువు అంచనాలోనూ జాగ్రత్త అవసరం. పచ్చి కొయ్యను నీటితో సమానమైన బరువుగా లెక్కించుకోవడం క్షేమం. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత, మీటరు పొడవు ఉన్న ముక్క ఆ లెక్కన 70 కిలోలు తూగుతుంది. చూపుకు అంత అనిపించదు.

మరొక ఇబ్బంది: ఆకులతో ఉన్న పలుచని చివరి కొమ్మలకు తాడును లాక్కుని దిగేంత బరువు ఉండదు. అవి బ్లాకు దగ్గర ఆగి వేలాడుతూ ఉంటే కింద నుంచి తాడును పైకి ఎగదోయవలసి వస్తుంది. వాటిని చేతితో జారవిడవడమే తేలిక.

పర్లాకిమిడి పెంకుటిల్లు

ఇద్దరికీ ధన్యవాదాలు. మా చెట్టుకు ఇంటికి అవతలి వైపున, ఈ రెండు కొమ్మలకూ పైగా, పుచ్చు లేని కొమ్మ ఒకటి ఉన్నది. అక్కడే కట్టిస్తాము. ఒక సందేహం మిగిలింది. కోతకు ముందు కొమ్మ కొసను కొంచెం పైకెత్తి పెంకులకు ఎడంగా ఉంచాలని పనివారు అంటున్నారు. అదే బ్లాకు గుండా లాగవచ్చునా?

రాయగడ చెట్టుపని

లాగకండి. ఎత్తేటప్పుడు రాపిడి మనకు ఎదురు తిరుగుతుంది. నిష్పత్తి 1.9 అనుకుంటే, నూరు కిలోలను కదపడానికి కింద 190 కిలోలతో లాగాలి, అప్పుడు పైన పడేది 290 కిలోలు. కప్పీ కంటే ఎక్కువ! ఎత్తే పనికి విడిగా కప్పీతో మరొక తాడు కట్టించి, కొమ్మ తెగి దాని బరువు బ్లాకు తాడు మీదికి పూర్తిగా వచ్చిన తరువాతనే ఆ ఎత్తిన తాడును నెమ్మదిగా వదలాలి.

వెల్డింగ్ దుకాణం గురించి అడిగారు. వద్దండి. అతుకు ఎంత బరువు మోస్తుందో చేసినవారికే తెలియదు. పైగా లోపలి అంచున మిగిలే గరుకు తాడు పోగులను కోసేస్తుంది. తయారీదారు భార పరిమితిని దిమ్మ మీదనే ముద్రించినదే కొనండి, ఆ పరిమితిని ముక్క బరువుతో కాక పైన పడే మొత్తం భారంతో పోల్చి చూడండి. బ్లాకును చెట్టుకు కట్టే పట్టీకి కూడా ఆ భారమే పడుతుంది. ముడి వేసిన చోట తాడు బలం మూడో వంతో, ఒక్కోసారి సగమో తగ్గుతుంది కనుక, తెగే బలంలో పదో వంతుకు మించి తాడుకు పని చెప్పకపోవడం ఈ వృత్తిలో చాలామంది పాటించే పద్ధతి.

జవాబు: జయపురం పాఠకుడు

ఇంటికి వచ్చే కరెంటు తీగ ఆ కొమ్మల కిందుగా పోతున్నట్లయితే విద్యుత్ సంస్థకు ముందే చెప్పి సరఫరా ఆపించండి. పచ్చి కొమ్మ, తడి తాడు రెండూ విద్యుత్తును ప్రవహింపజేస్తాయి.

బరంపురం ఇంజనీరు

పై కొమ్మ దొరికింది కాబట్టి మీ పనికి నేను కూడా ఫ్రిక్షన్ బ్లాకుకే ఓటు వేస్తాను. కొసలను ముందుగా చేతితో జారవిడిపించి, తక్కిన కొమ్మను 50 కిలోలకు మించని ముక్కలుగా కోయించండి. కింద ఒక్క మనిషే సరిపోతాడన్న మాటను మాత్రం పూర్తిగా నమ్మకండి. తాడు పట్టే మనిషి ఇంటి గోడకూ కొమ్మకూ మధ్య కాక పక్కకు నిలబడి, తోలు చేతితొడుగులు వేసుకొని, తాడును చేతికి గాని నడుముకు గాని చుట్టుకోకుండా మొదలుకు ఒక చుట్టు వేసి పట్టుకోవాలి. దిగిన ముక్క ముడి విప్పి పక్కకు లాగడానికి రెండో మనిషి కావాలి. ఆయన లేకపోతే తాడు పట్టినవారే దానిని వదిలి కొమ్మ కిందికి వెళ్లవలసి వస్తుంది.