నాన్నగారి యుద్ధ జ్ఞాపకాల పుస్తకం పోస్టులో అమ్మడం ఎలా?

మాది టెక్కలి దగ్గర పల్లె. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున పోరాడిన మా నాన్నగారు తన జ్ఞాపకాలను సొంత ఖర్చుతో 300 ప్రతులు అచ్చు వేయించారు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయిన రోజుకు ఇచ్చింది 4 పేజీలే; బురదలో నానిన బూట్లకు 11! రథసప్తమికి అరసవల్లిలో బల్ల వేసుకుని కూర్చుంటే 40 అమ్ముడుపోయాయి. కొన్నవారి పేరు అడిగి, వణికే చేత్తో రాసి, సంతకం చేస్తేగాని ఇవ్వరు.

ఇప్పుడు హైదరాబాదు నుంచి కూడా అడుగుతున్నారు. ముందే డబ్బు తీసుకోవడం ఆయనకు నామోషీ. పుస్తకం చేరాక డబ్బు కట్టమంటే ఎన్ని తిరిగొస్తాయి? పేరు రాసిన ప్రతిని ఇంకొకరికి అమ్మలేము కదా! ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితమేనట, మేము తీసుకోలేదు. అచ్చయ్యాక తీసుకుని చీటీ అంటించవచ్చా? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.