కారు లేకుండా పారిస్ నుంచి మార్సెయ్ దాకా, కుదురుతుందా?

ప్రశ్న: జూలైలో పిల్లలు, అమ్మానాన్నలతో పారిస్, లియాన్, అవిన్యాన్, మార్సెయ్ చూద్దామనుకుంటున్నాం, కారు వద్దు, అంతా ట్రైన్లోనే అవుతుందా అండి? పెద్దవాళ్లు ఎక్కువ నడవలేరు.

జవాబు: హాయిగా అవుతుందండి. పారిస్‌లోని గార్ ద లియాన్ అనే స్టేషన్లో టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్ ట్రైన్) ఎక్కితే లియాన్ ఊరు రెండు గంటలే, అక్కడ్నుంచి అవిన్యాన్ గంట పైచిలుకు, ఇంకో అరగంటకి మార్సెయ్. టికెట్లు ముందే తీసుకోండి, ఆఖర్లో రేట్లు బాగా పెరిగిపోతాయి.

ఇంకో జవాబు: జూలైలో అవిన్యాన్‌లో నాటకాల ఫెస్టివల్ ఉంటుంది, 1947 నుంచి జరుగుతోంది, ఊరంతా కిక్కిరిసిపోయి రూములు దొరకడం కష్టం, నేనైతే మార్సెయ్‌లో ఉండి ఒక్కపూట చూసొచ్చేస్తా. టీజీవీ స్టేషన్ ఊరి బయట, అక్కడ చిన్న ట్రైన్ మారితే ఐదు నిమిషాల్లో సెంటర్, పెద్దవాళ్లకి ఇబ్బందుండదు.

అడిగినవారు: థాంక్సండి! మరి లగేజీ?

జవాబు: తక్కువ తెచ్చుకోండి, ఎవరి పెట్టె వాళ్లే ఎక్కించుకోవాలి, పైన పేరు రాసుండాలి.